కుడికాలి బుడిపె

తాండూరు,
9 జూన్ 2025

శాంతవ్వ వదినకు,

రెబెక్క చేతులు జోడించి వందనాలు. ఇక్కడ నేనూ మీ తమ్ముడూ దేవుని దయవల్ల బాగున్నాం. పెద్దయ్య అన్నయ్యకు దగ్గు తగ్గిందా?

ఫోను ఉండగా ఈ ఉత్తరం ఏమిటని నవ్వుకుంటారేమో. మీ ఇంట్లో ఫోను మోగితే స్పీకర్లో పెడతారు, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. మొన్న నేను "ఎట్లున్నరు వదినా" అని అడిగితే, పాలు పోయడానికి వచ్చినామె "మంచిగున్నం" అని బదులిచ్చింది. నా కూతురు చెవిన పడకూడని సంగతి ఒకటి ఉంది. మీ ఇంటి కోడలై రెండేళ్ళయినా కెజియ నాకింకా చిన్నపిల్లే. కడుపుతో ఉన్నప్పటినుంచీ ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటోంది. అందుకే కాగితం తీసుకున్నాను. దీన్ని దాని కంట పడనివ్వకండి.

సంగతి నా కుడికాలిది. బొటనవేలి మొదట్లో ఎముక పక్కకు ఉబ్బి బుడిపె కట్టింది కదా, పెళ్ళిలో మీరే చూసి "ఏందిది వదినె, కాలికి ఉల్లిగడ్డ మొలిచింది" అన్నారు. ఇప్పుడు అది ఇంకా పెరిగింది. బొటనవేలు వాలిపోయి పక్కవేలి మీద ఎక్కి కూర్చుంది. నాది హాస్టల్లో వంటపని. పొద్దంతా తడిబండల మీద నిలబడాలి. సాయంత్రానికి చెప్పులో కాలు పట్టదు. వెడల్పు చెప్పులు కొన్నాం, వేళ్ళ మధ్య మెత్తటి బిళ్ళ పెట్టుకున్నాను, మాత్రలు మింగాను. కొన్నాళ్ళు ఫరవాలేదనిపించి మళ్ళీ మొదటికొచ్చింది.

చివరకు మీ తమ్ముడు ఇమ్మానుయేలు నన్ను హైదరాబాదులో ఎముకల డాక్టరుకు చూపించాడు. ఆయన దీని పేరు బనియన్ అన్నాడు. ఇమ్మానుయేలు తన చొక్కా గుండీల సందులోంచి లోపలికి చూసుకున్నాడు. నాకు నవ్వు కూడా రాలేదు. ఎముక కోసి, వరుసలోకి తెచ్చి, మేకు బిగిస్తారట. ఆరు వారాలు ప్రత్యేకమైన చెప్పు వేసుకుని మడమ మీదే నడవాలట. వాపు పూర్తిగా తీయడానికి ఇంకొన్ని నెలలు పడుతుందట. "అందం కోసమైతే వద్దు. నొప్పి ఓర్చుకోలేకపోతేనే చేద్దాం. మళ్ళీ రాదని హామీ ఇవ్వలేను. నిర్ణయం నీదేనమ్మా" అన్నాడు. నిర్ణయం నాదే అనడమే నా ప్రాణానికి వచ్చింది. ఇంతవరకు నా ఒంటి గురించి నన్ను ఎవరు అడిగారు గనక?

నవంబరులో కెజియ కాన్పు. తొలికాన్పు తల్లిగారింట్లో జరగాలి, ఏడో నెలలో తీసుకురావాలి. ఇప్పుడే చేయించుకుంటే అప్పటికి నడుస్తానని నా ఆశ. ఒకవేళ మానడం ఆలస్యమైతే పిల్లను తీసుకురావడం కాస్త వెనక్కి జరగవచ్చు. చేయించుకోవాలా, మానుకోవాలా? పెద్దవారు, మీరే చెప్పండి. నాకు అన్నం సహించడం లేదు.

మీ మాట కోసం ఎదురుచూసే
రెబెక్క


వికారాబాద్,
18 జూన్ 2025

రెబెక్క గారికి,

శాంతవ్వ వందనాలు. ఉత్తరం అందింది. కెజియ పక్కనే కూర్చుని బియ్యం ఏరుతుంటే పోస్టుమాన్ తెచ్చి నా చేతికిచ్చాడు. "ఎక్కడిది అత్తమ్మా" అంటే "గ్యాసోళ్ళది" అన్నాను. ఈ వయసులో నా చేత అబద్ధమాడించారు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. అనంతగిరి మీద మబ్బు దిగితే మా ఇంట్లో బట్టలు ఆరవు. ఆయన దగ్గు అలాగే ఉంది. మందు తాగమంటే చేదంటాడు, చుట్ట మాత్రం చేదు కాదు.

ఇక మీ సంగతి. ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కాలి గురించేననుకుని అయ్యో అన్నాను. రెండోసారి చదివితే చివరి మాట గుచ్చుకుంది. పిల్లను తీసుకుపోవడం వెనక్కి జరుగుతుందా? మా అత్తగారికి రెండు కాళ్ళకూ అలాంటి బుడిపెలే ఉండేవి. ఆ కాళ్ళతోనే నాట్లు వేసింది, ఆ కాళ్ళతోనే బొంరాస్‌పేట దాకా నడిచిపోయి పెళ్ళిళ్ళు చూసొచ్చింది. ఎవరూ కొయ్యలేదు. ఇన్నేళ్ళు లేనిది సరిగ్గా కాన్పు ముందర కాలు గుర్తొచ్చిందా అని నాకు అనిపించింది. అనిపించినది కడుపులో దాచుకునే మనిషిని కాను నేను.

కాన్పు చేయడం బరువైతే సూటిగా చెప్పండి. మేమే చేసుకుంటాం. కెజియ కోడలైనా నాకు బిడ్డతో సమానం. పథ్యం వండటం, పసిదానికి నీళ్ళు పోయడం నాకు తెలియనివా? పదిమందిలో "తల్లిగారు తీసుకుపోలేదు" అన్న మాట పడేది మీకు, నాకు కాదు.

కెజియకు చెప్పను. మాట ఇచ్చాక తప్పను. కాకపోతే శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన మనవి ఇచ్చాను. మీ పేరు చెప్పలేదు. "తాండూరులో మాకు కావలసిన సహోదరికి కాలు ఆపరేషనట, ప్రార్థించండి" అన్నాను, అంతే.

శాంతవ్వ


తాండూరు,
27 జూన్ 2025

శాంతవ్వ వదినకు,

వందనాలు. ఎప్పుడూ నువ్వు అని పిలిచే మీరు నన్ను మీరు అన్నారు. పైన "గారు" కూడా పెట్టారు. ఆ రోజంతా కూరలో ఉప్పు వేశానో లేదో నాకే తెలియలేదు. పిల్లలు తిని ఏమీ అనలేదు గనక వేశాననే అనుకుంటున్నాను.

కాన్పు నాకు బరువా? ఒక్కగానొక్క బిడ్డ వదినా. అది కడుపుతో ఉందని తెలిసిన రోజునే పాత మెత్తటి చీరలన్నీ ఉతికి, చింపి, పసిదానికి గుడ్డలుగా మడతపెట్టాను. పీట కూడా దింపి కడిగాను. కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిదాన్ని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి నీళ్ళు పోయాలని నాకెంత ఆశో మీకు చెప్పలేను.

మీకు రాయని సంగతి ఒకటుంది. ఇప్పుడు రాస్తాను. వేసవి సెలవులకు ముందు వారంలో హాస్టల్లో పప్పుగిన్నె దించి రెండడుగులు వేశానో లేదో, ఆ కాలు కింద లేనట్టే అయిపోయింది. బొటనవేలు ఆనలేదు. గిన్నె చేజారింది, పప్పంతా బండల మీద పడింది. దేవుడి దయవల్ల పక్కన పిల్లలెవరూ లేరు. అందరూ "ఏం గాలేదు ఊకో అమ్మా" అన్నారు. నేను ఆ గిన్నెనే చూస్తూ నిలబడ్డాను. నా చేతిలో ఉన్నది పసిబిడ్డ అయితే? అప్పటినుంచీ అదే కళ్ళ ముందు ఆడుతోంది. అందుకే ఆపరేషన్ అన్నాను. తప్పించుకోవడానికి కాదు.

మీ ఉత్తరం చూశాక డాక్టరు దగ్గరికి ఫోను చేయించి, రావడం లేదని చెప్పించాను. ఇమ్మానుయేలుకు కోపం వచ్చింది. "వాల్లేమనుకుంటరో అని నీ కాలును నువ్వే ఇరగ్గొట్టుకుంటవా?" అన్నాడు. పిల్లను ఏడో నెలలోనే తీసుకొస్తాం. మిఠాయి పట్టుకుని నేనే వస్తాను. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి.

మీ
రెబెక్క


వికారాబాద్,
15 జూలై 2025

రెబెక్కా,

హడావిడిలో రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రాకపోతే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం చదివి నా మీద నాకే కోపం వచ్చింది. తొందరపడి నిన్ను అనకూడని మాట అన్నాను. జవాబు రాద్దామనుకుంటూనే కలుపుతీతలో పడిపోయాను. ఇంతలో ఇంకో గొడవ వచ్చి పడింది, అదీ నా వల్లనే.

నేనిచ్చిన ప్రార్థన మనవి మా కూడికతో ఆగలేదు. ఒకామె తన చెల్లెలికి చెప్పింది, ఆ చెల్లెలు మోమిన్‌పేటలో చెప్పింది, అక్కడ ఉపవాస ప్రార్థన పెట్టారు. మంచిదే కదా! ఆదివారం గుళ్ళో ఆరాధన అయ్యాక మోమిన్‌పేట బుగ్గమ్మ వచ్చి, అందరూ ఉండగా నా చెయ్యి పట్టుకుని "మీ వియ్యపురాలికి కాలు ఏడిదాక తీస్తరట శాంతవ్వా? మోకాలి కిందికేనా?" అని అడిగింది. ఆమె అలా అంటుంటే నా వెనకే కెజియ నిలబడి ఉంది.

ఆ పిల్ల అక్కడే కూలబడింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు ఆసుపత్రికి తీసుకుపోతే బీపీ ఎక్కువుందన్నారు. సాయంత్రానికి తగ్గింది, కడుపులో బిడ్డ బాగానే ఉందన్నారు, నువ్వు కంగారుపడకు. కానీ నీకు ఫోను చేయమంటే చేయదు. "అమ్మ నోట గా మాట ఇనలేను" అంటుంది. సుశాంత్ నా మీద ఎగిరాడు. "ప్రార్థన చెయ్యమన్నవా, చాటింపు వెయ్యమన్నవా అమ్మా?" అన్నాడు. నా కొడుకు నన్ను ఎప్పుడూ అంత మాట అనలేదు.

రెబెక్కా, ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. నీకు షుగరా? బుడిపె అని చెప్పి నా దగ్గర పెద్దది దాస్తున్నావా? ఇంతమంది అంటున్నారు, ఎక్కడో ఏదో లేకపోతే ఎందుకంటారు? పైగా ఒక ఉత్తరంలో చేయించుకుంటానన్నావు, మరో ఉత్తరంలో మానుకున్నానన్నావు. కాలు తీస్తారని తెలిసే మానుకున్నావా? మా ఊళ్ళో ఒకాయన ఇలాగే గోరుపుండు అన్నాడు, సంవత్సరం తిరక్కుండా కర్రలు పట్టుకున్నాడు. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. ఉన్నది ఉన్నట్టు రాయి.

శాంతవ్వ


తాండూరు,
21 జూలై 2025

వదినా,

మీ ఉత్తరం చేతికందగానే కెజియకు వీడియో కాల్ చేశాను. ముందు నా మొహం చూపిస్తే "మొఖం కాదు, కాలు సూపెట్టు" అంది. చూపించాను. వేళ్ళు కదిలించమంది. కదిలించాను. "రెండో కాలు సూపెట్టు, ఎవలదన్న సూపిస్తున్నవా?" అంది. చివరకు నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నాకూ ఆగలేదు.

మీకు కూడా నమ్మకం కలగాలని ఈ కాగితం మీద కాలు పెట్టి పెన్సిలుతో చుట్టూ గీశాను. వెనక్కి తిప్పి చూడండి. ఐదు వేళ్ళూ ఉన్నాయి. బొటనవేలి దగ్గర బయటికి పొడుచుకొచ్చినట్టు ఉందే, అదే బుడిపె. ఎర్రగా ఉంటుంది, పుండు లేదు. షుగరు లేదు. మొన్ననే మళ్ళీ పరీక్ష చేయించాడు ఇమ్మానుయేలు. నాకు ఉన్నదల్లా అదొక్క ఎముకే. దానికే ఇంత కథ అయింది.

మీరు నా కోసమే చేశారు, నాకు తెలుసు. నాకు మీ మీద కోపం లేదు. కొంచెం వచ్చింది, పోయింది. మా ఇంటికి కూడా ఇద్దరు ముగ్గురు పండ్లు పట్టుకుని వచ్చారు. తలుపు తీసి నేను నడుచుకుంటూ ఎదురొస్తే వాళ్ళు కొంచెం నిరాశపడినట్టు కనిపించింది.

కానీ నేను భయపడిందే జరిగింది. కెజియకు సంగతంతా చెప్పాల్సి వచ్చింది. పప్పుగిన్నె సంగతి కూడా నోరుజారి చెప్పాను. అది ఒక్కసారిగా పెద్దదై పోయింది. "నువ్వు నిలబడలేవు, నాకు ఎట్ల చేస్తవు? నేను తాండూరుకు రాను. ఈడనే పురుడు పోసుకుంట. నువ్వు ఆపరేషన్ చేయించుకొని పండుకో" అంది. నా మంచికే అంటోంది. కానీ వదినా, నా బిడ్డ తొలికాన్పుకు నా ఇంటికి రానంటోంది. నా కాలు తీసేస్తారని విన్నప్పుడు కూడా నాకు ఇంత దుఃఖం రాలేదు.

మీరే కదా అన్నారు, మేమే చేసుకుంటామని. ఇప్పుడు మీ మాటే నెగ్గేలా ఉంది. ఎత్తిపొడుపు కాదు, అడుక్కుంటున్నాను. మీరు ఒక మాట చెప్పి దాన్ని నా దగ్గరికి పంపించండి.

రెబెక్క


వికారాబాద్,
4 ఆగస్టు 2025

రెబెక్క వదినెకు,

నీ కాలి బొమ్మ చేరింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి "గిదేం పటమే, మన పొలానిదా?" అన్నాడు. నేను వేళ్ళు లెక్కపెట్టుకున్నాను, అప్పుడుగానీ ప్రాణం కుదుటపడలేదు. బుగ్గమ్మకు కూడా చూపిస్తానని పట్టుకుపోయాను. "దేవునికి స్తోత్రం, ప్రార్థన ఇన్నడు" అంది. తీసేసే కాలును దేవుడు నిలబెట్టాడని ఇప్పుడు సాక్ష్యం చెబుతోంది. నేను ఎదురు చెప్పలేదు, ఓపిక లేదు.

కెజియ ఇక్కడే ఉంటానన్నప్పుడు, ఉన్నమాట చెబుతాను, ఒక పూట నాకు సంతోషం వేసింది. తల్లిని కాదని నా దగ్గర ఉంటానంది కదా అని. తర్వాత పీట వేసుకుని కూర్చుని చూసుకున్నాను. కూర్చున్నాను గానీ లేవలేకపోయాను. నా మోకాళ్ళు వంగవు వదినె. రెండేళ్ళుగా ఇంతే. గుళ్ళో అందరూ మోకరిస్తే నేను బెంచీ మీదే తల వంచుకుంటాను, భక్తి ఎక్కువనుకుంటారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే పొలానికి పోనివ్వరు. నీళ్ళు నేను పోస్తానని నీకు రాసింది ఒట్టి బింకం. పసిదాన్ని కాళ్ళ మీద వేసుకుంటే నన్నూ దాన్నీ కలిపి ఎవరైనా ఎత్తాలి.

అందుకని కెజియను కూర్చోబెట్టి చెప్పాను. "తొమ్మిదో నెలల నీ తల్లిగారింటికి పోతవు. గప్పటిదాక ఈడ ఉంటవు. ఆమె కాలు మానుతది. మధ్యల నువ్వు నోరు తెరువొద్దు" అన్నాను. ఒప్పుకుంది. ఏడో నెల తప్పి తొమ్మిదో నెల అయితే ఆకాశమేమీ ఊడిపడదు. ఎవరైనా అడిగితే నేనే పంపలేదని చెబుతాను, అత్తగారి మీద నింద వేయడం లోకానికి అలవాటే.

ఇక నువ్వు ఆలోచించకు. ఈ నెలలోనే చేయించుకో. ఇంకా ఆలస్యం చేస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏ రోజో చెబితే, చేసిన మర్నాడు మేం వచ్చి చూస్తాం.

శాంతవ్వ


వికారాబాద్,
28 ఆగస్టు 2025

రెబెక్కకు,

మంగళవారం నీ ఆపరేషనని పొద్దుటినుంచి నేనూ కెజియా పచ్చి మంచినీళ్ళు తాగి ప్రార్థనలో కూర్చున్నాం. మధ్యాహ్నం తమ్ముడు ఫోను చేసి "వాయిదా పడింది" అని ఒక్కమాట చెప్పి పెట్టేశాడు. సరే, డాక్టరుకు తీరలేదేమో అనుకున్నాం.

నిన్న బుగ్గమ్మ వచ్చింది. అదే రోజు పొద్దున మిమ్మల్నిద్దరినీ మా వికారాబాద్ స్టేషన్లో చూసిందట. బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారట. తర్వాత తాండూరు బండి ఎక్కారట. "మీ ఇంటికాడికెళ్ళే వస్తున్నరేమో అనుకున్న" అంది. అవునని తల ఊపాను. నా పరువు నేను కాపాడుకోవాలి కదా.

మా ఊరి స్టేషన్లో దిగి, మా గడప తొక్కకుండా పోయేంత తప్పు నేనేం చేశాను? ఆ కూడిక సంగతి ఇంకా మనసులో ఉందా? ఉంటే మొహం మీదే అను. కడుపుతో ఉన్న నీ బిడ్డ ఇక్కడ నీ కోసం పస్తు ఉంది. దాన్ని కూడా చూడాలనిపించలేదా? కెజియకు ఈ మాట చెప్పలేదు. చెప్పి దాన్ని ఏడిపించలేను.

శాంతవ్వ


తాండూరు,
2 సెప్టెంబరు 2025

వదినా,

బుగ్గమ్మ చెప్పింది నిజమే. మీ ఊళ్ళో దిగాం, మీ ఇంటికి రాలేదు. ఏం జరిగిందో రాస్తాను. చదివాక మీరు ఏమన్నా పడతాను.

ఆ రోజు పొద్దున్నే బయల్దేరాం. మెట్టెలు ముందు రోజే తీయించాను. పక్కవేలు వంగిపోయి మెట్టె ఇరుక్కుపోతే కంసాలి కత్తిరించాల్సి వచ్చింది. నేను పస్తు ఉండాలి గనక ఇమ్మానుయేలు కూడా తినలేదు. బండిలో ఎదురుగా కూర్చున్నామె ఎక్కడికని అడిగింది. చెప్పాను. ఆమె "నడుముకు సూది ఇస్తరు. కిందంత మొద్దు బారుతది గని సోయి ఉంటది. మా ఆడిబిడ్డకు బొక్క కోసే సప్పుడు ఇనబడ్డదట" అంది. మంచిదే పాపం, ధైర్యం చెబుతున్నాననుకుంది. ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో నాకు వినబడలేదు. నా ఎముక కోస్తున్న చప్పుడు నేను వింటూ పడుకోవాలి, అదొక్కటే చెవుల్లో తిరిగింది.

వికారాబాద్‌లో బండి ఆగింది. సంచీ కూడా తీసుకోకుండా దిగిపోయాను. ఇమ్మానుయేలు వెనకాలే దిగి "ఏడికే? గిది హైదరాబాద్ కాదు" అన్నాడు. "నేను రాను" అన్నాను. బండి వెళ్ళిపోయింది. ఆయన తిట్టలేదు. నా పక్కన కాసేపు కూర్చుని, వెళ్ళి ఇడ్లీలు తెచ్చాడు.

మీ ఇల్లు స్టేషనుకు ఎంత దూరమో నాకు తెలియదా? రావాలని లేచాను కూడా. కెజియ తలుపు తీస్తే ఏం చెప్పాలి? నొప్పులు పడి బిడ్డను కనబోయే పిల్ల ముందు, సూదికి భయపడి పారిపోయి వచ్చానని చెప్పనా? సిగ్గేసింది. అందుకే రాలేదు. మీ మీద కోపంతో కాదు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను. మొదటి నుంచీ నాది భయమే వదినా. కాన్పు అడ్డమన్నాను, మీరేమనుకుంటారో అన్నాను, పిల్ల కంగారుపడుతుందన్నాను. మీరు కోప్పడి ఉత్తరం రాసినప్పుడు ఏడ్చాను గానీ, డాక్టరుకు రానని చెప్పించడానికి ఒక సాకు దొరికిందని లోపల తేలికపడ్డాను. చేయించుకోకపోతే పసిదాన్ని ఎక్కడ పడేస్తానోనని భయం. చేయించుకోవాలంటే ఆ బల్ల మీద పడుకోవడం భయం. రెండు భయాల మధ్య ఈ మూడు నెలలూ గడిపాను. ఇప్పుడు చేయించుకుందామన్నా డాక్టరు దగ్గర మళ్ళీ తేదీ దొరికేసరికి నెల పడుతుందట, కాన్పు నాటికి మానదు. సమయం నా చేతులారా పోగొట్టుకున్నాను.

రెబెక్క


వికారాబాద్,
9 సెప్టెంబరు 2025

పిచ్చి రెబెక్కా,

భయమైతే భయమని మొదటి ఉత్తరంలోనే రాయకూడదా? ఇన్ని కాగితాలూ, ఇన్ని ఏడుపులూ, మోమిన్‌పేటలో ఉపవాసాలూ తప్పేవి. నాకు భయమంటే ఏమిటో తెలియదనుకున్నావా? పన్ను పీకించుకోవడానికి వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చాను. మూడోసారి పన్ను దానంతటదే ఊడింది.

ఆపరేషన్ మాట ఇప్పుడు వదిలేయి. తొమ్మిదో నెలలో కెజియను తీసుకుని నేను కూడా తాండూరు వస్తాను. వచ్చి ఉంటాను. అత్తగారు కోడలి తల్లిగారింట్లో పురుటికి కూర్చోవడం ఎక్కడా లేదని మా ఆడబిడ్డ ఇప్పటికే ముక్కు మీద వేలేసుకుంది. ఆమె వచ్చి నీళ్ళు మోస్తుందా? పీట మీద కూర్చోవడం నా వల్ల కాదు, పసిదాన్ని ఎత్తుకుని నడవడం నీ వల్ల కాదు. నువ్వు కూర్చో, నేను నిలబడతాను. ఇద్దరం కలిస్తే ఒక పూర్తి అమ్మమ్మ అవుతాం.

ఆయన దగ్గు సంగతి సుశాంత్ చూసుకుంటాడు. నీ ఇంట్లో నాకు మంచం గోడవైపు వెయ్యి, గాలి పడదు నాకు. పప్పులో చింతపండు తక్కువ.

శాంతవ్వ


తాండూరు,
3 ఫిబ్రవరి 2026

శాంతవ్వ వదినకు,

వందనాలు. పాప ఎలా ఉంది? పాలు తాగాక కక్కడం తగ్గిందా? మీరంతా వెళ్ళినప్పటినుంచి ఇల్లు చిన్నబోయింది. అలవాటు చొప్పున పొద్దున్నే నీళ్ళు కాగబెట్టి, ఎవరికని గుర్తొచ్చి, వాటితో ఇమ్మానుయేలునే తల స్నానం చేయమన్నాను.

ఇన్ని నెలలు ఒక ఇంట్లో ఉండి మీతో నోటితో చెప్పలేని మాట ఇప్పుడు రాస్తున్నాను. మీరు నీళ్ళు తోడి, పాపను ఎత్తుకొచ్చి నా కాళ్ళ మీద వేసేవారు. స్నానం అయ్యాక గుడ్డలో చుట్టి మళ్ళీ మీరే తీసుకునేవారు. ఒక్కనాడు కూడా "ఇంక నువ్వెత్తుకో" అనలేదు. ఎవరైనా చూడటానికి వచ్చి "అమ్మమ్మకు ఇయ్యుండ్రి" అంటే "మీరు కూసోండ్రి ముందు" అని మాట మార్చేవారు. నేను చూశాను. ప్రతిసారీ చూశాను.

మీరు బయల్దేరిన రోజు ఆటో దిగి మీ వెంట స్టేషన్ లోపలికి రావాలనుకున్నాను. కాలు కిందపెడితే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బయటే నిలబడిపోయాను. పిల్లను విడిచి ఉండలేక నేను ఏడుస్తున్నానని మీరు అనుకుని ఉంటారు. అదీ ఉంది. కానీ అప్పుడు ఏడ్చింది నొప్పికే.

ఇప్పుడు కాన్పు లేదు, పాప ఇక్కడ లేదు, హాస్టల్లో సెలవు దొరికింది. నా కాలు బాగుపడాలని ఎదురుచూసే పని ఏదీ మిగల్లేదు. అయినా నొప్పి ఉంది. ఖాళీ ఇంట్లో ఇంకా బాగా తెలుస్తోంది. మనవరాలిని ఎత్తుకోవడానికి చేయించుకుంటున్నానని అడిగినవాళ్ళకల్లా చెబుతున్నాను, అదైతే అందరికీ నచ్చుతుంది. మీకు మాత్రం నిజం చెబుతాను. నొప్పి పుడుతోంది, ఇక ఓర్చుకోలేను, అందుకే చేయించుకుంటున్నాను. ఇంతకంటే వేరే కారణం వెతకడం మానేశాను.

గురువారం, పన్నెండో తేదీ రమ్మన్నారు. ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళను ఉండనివ్వరట, తోడుగా ఆడమనిషి కావాలట. కెజియ వస్తానంది. పాలు తాగే పిల్లతో వద్దన్నాను. నా వైపు ఎవరెవరు ఉన్నారని ఇమ్మానుయేలు ఒక్కొక్కరి పేరే అంటున్నాడు. ఆయన చివరిదాకా చెప్పకముందే నేను మీ పేరు చెప్పాను. మీ మోకాళ్ళు, పొలం, అన్నయ్య దగ్గు అన్నీ నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. కాన్పుకు కాదు, కెజియ కోసం కాదు, నా కోసం రండి.

భయం తగ్గలేదు వదినా. రాస్తుంటే కూడా ఉంది. పొద్దుటి బండిలో వస్తున్నాం. వికారాబాద్‌లో ఎక్కువసేపు ఆగదు. ఆడవాళ్ళ పెట్టెలో, ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర ఉంటాను. మీరు కనబడకపోతే నేను దిగిపోతాను. నన్ను దిగనివ్వకండి. మీరు ఎక్కండి.

మీ
రెబెక్క